ఒక్కో దీపానికీ ఒక్కో వెలుగు

శివరాత్రికి కోటిపల్లి, కార్తీకంలో పక్కనే ద్రాక్షారామం, చవితికీ దసరాకీ ఊరూరా పందిళ్లు. కె.గంగవరం చుట్టుపక్కల దీపాల అలంకరణ లేకుండా గడిచే నెలలు తక్కువ. ఇటీవలి సంవత్సరాల్లో ఆ అలంకరణ తీరే మారిపోయింది. ఒకప్పుడు సీరియల్ సెట్లు వెలిగేవి, ఆరేవి, అంతే. ఇప్పుడు ఆర్చి మీద నెమలి పురి విప్పుతుంది. పింఛంలో ఒక్కో కన్నూ నెమ్మదిగా తేటపడి, నెమ్మదిగా మసకబారుతుంది. శివుడి జటలోంచి గంగ దిగుతుంటే ధార పైన తెల్లగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ నీలంలోకి పలచబడుతుంది. దగ్గరికెళ్లి చూస్తే అదంతా చిటికెన వేలి కొసంత బల్బుల వరస. పక్కపక్కనే ఉన్న రెండు బల్బుల్లో ఒకటి నిండుగా వెలుగుతోంది, రెండోది అందులో నాలుగో వంతు కూడా వెలగడం లేదు. రెండింటికీ కరెంటు వస్తున్నది మాత్రం ఒకే జత తీగల మీద.

ఒకే తీగ మీదున్న వందల బల్బుల్లో ఒక్కోదానికి ఒక్కో వెలుగు ఎలా ఇస్తారన్నదే ఈ కథ. దీన్ని చదువుతూ పోయిన కొద్దీ నాకు గట్టిగా అనిపించింది ఒకటే. దీపాన్ని నిండుగా వెలిగించడం ఈ ఆవిష్కర్తలెవరికీ పెద్ద సమస్య కాలేదు. కష్టమంతా తగ్గించడంలో వచ్చింది. పూర్తి చీకటికీ, కంటికి కనిపించే మొదటి మసక వెలుగుకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగా కోసమే వాళ్లు పాతికేళ్లుగా పనిచేస్తున్నారు.

సీరియల్ సెట్లో బల్బులన్నీ ఒకే వరసలో ఉంటాయి. కరెంటు తగ్గిస్తే అన్నీ కలిసి మందగిస్తాయి. ఒక్కటి విడిగా తగ్గాలంటే దానికి విడిగా తీగ వేయాలి. వంద బల్బులకు వంద తీగలు. అందుకే పాతకాలం పనివాళ్లు వెలుగు తగ్గించే ఆలోచనే పెట్టుకోకుండా, వెలగడం ఆరడంతోనే కదలికను పుట్టించారు. చెక్క రోలరు మీద లోహపు రేకు ముక్కలు బిగించి మోటారుతో తిప్పేవాళ్లు. రేకు తగిలిన తీగ వెలుగుతుంది, రేకు దాటగానే ఆరుతుంది. బెంగాల్‌లో చందన్‌నగర్ లైటింగ్ పనివాళ్లకు ఇంత పేరొచ్చింది ఈ రోలర్లతోనే. తర్వాత ఎలక్ట్రానిక్ చేజర్లు వచ్చి రోలరు చేసే పనిని అరచేతిలో పట్టే సర్క్యూట్‌లోకి దించాయి. పల్నాడులో కోటప్పకొండ తిరునాళ్లకు చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆకాశమెత్తున కట్టే విద్యుత్ ప్రభల మీద బల్బులు పరుగెత్తినట్టు కనిపించడం వెనుక ఉన్నది ఈ విద్యే.   

విదేశాల్లోనూ దారి ఇదే. 1928 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో భవనం చుట్టూ వార్తలు పరుగెత్తే బోర్డు పెట్టారు. అందులో 14,800 బల్బులు ఉండేవి. అక్షరాల అచ్చులు కన్వేయర్ మీద కదులుతూ తగిలిన చోటల్లా బల్బు వెలిగేది. అంత పెద్ద బోర్డులోనూ ఏ బల్బుకైనా రెండే స్థితులు, వెలగడం, ఆరడం.

వెలుగుకు మెట్లు కట్టి, అందరూ వాడుకునేలా చేసిన ఒప్పందం నాటక రంగం నుంచి వచ్చింది. 1986లో అమెరికాలోని రంగస్థల సాంకేతికుల సంస్థ యూఎస్‌ఐటీటీ, డీఎంఎక్స్512 అనే పద్ధతిని ఖాయం చేసింది. ఒక కేబుల్ మీద 512 చానెళ్లు, ఒక్కో చానెల్‌కు 0 నుంచి 255 వరకు ఒక అంకె. సున్నా అంటే చీకటి, 255 అంటే నిండు వెలుగు. అంతవరకు వెలుగు తగ్గించే పరికరం, డిమ్మర్, ఒక్కో కంపెనీది ఒక్కో భాష మాట్లాడేది. అప్పటినుంచి దీపాలను నడిపే ఏ కన్సోల్‌కైనా ఏ డిమ్మరైనా కలిపే వీలు కలిగింది. ఈ 0-255 లెక్క ఆ తర్వాత ఎల్‌ఈడీల్లోనూ కొనసాగింది. దాని మంచీ చెడూ కూడా దాంతోపాటే వచ్చాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉన్న దీపానికి మూడు చానెళ్లు కావాలి కాబట్టి, ఒక కేబుల్ మీద 170 దీపాలకు మించి నడవవు. వేదిక మీదికి అది చాలు, నెమలి పింఛానికి చాలదు.

ఈలోగా దీపమే మారిపోయింది. 1962లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీ చేశాడు. ఆకుపచ్చ, పసుపు తర్వాత వచ్చాయి. నీలం మాత్రం మూడు దశాబ్దాలు ఎవరికీ లొంగలేదు. జపాన్‌లో ఇసాము అకసాకి, హిరోషి అమనో గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని లొంగదీస్తే, నిచియా కంపెనీలో షుజి నకమురా 1993లో వెలుగు దండిగా ఇచ్చే నీలి ఎల్‌ఈడీని బయటపెట్టాడు. ముగ్గురికీ 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. నీలం వచ్చాక మూడు రంగులూ ఒక గుళికలో పట్టాయి, వాటి పాళ్లు మారుస్తూ ఏ రంగైనా పుట్టించవచ్చు.

మామూలు బల్బుకు కరెంటు తగ్గిస్తే ఫిలమెంటు చల్లబడి ఎర్రబడుతుంది. ఎల్‌ఈడీకి కరెంటు తగ్గిస్తే వెలుగుతోపాటు రంగు ఛాయ కూడా కొద్దిగా జరుగుతుంది. మూడు రంగులు కలిపి తెలుపు చేస్తున్నప్పుడు ఆ కొద్దిపాటి జరుగుడే కంటికి కొడుతుంది. అందుకని కరెంటును కదపకుండా కాలాన్ని కోశారు. సెకనుకు వందలసార్లు దీపాన్ని పూర్తిగా వెలిగించి పూర్తిగా ఆర్పుతారు. ఆ చిన్న గడువులో సగం సేపు వెలిగితే సగం వెలుగు, నాలుగో వంతు వెలిగితే నాలుగో వంతు. కన్ను అంత వేగాన్ని విడదీసి చూడలేదు గనుక సగటునే చూస్తుంది. ఇంజినీర్లు దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు, వాడుకలో పీడబ్ల్యూఎం. పింఛంలో మసకగా వెలుగుతున్నట్టు కనిపించే ఆ బల్బు నిజానికి ఏ క్షణం చూసినా అయితే నిండుగా వెలుగుతుంటుంది, లేకుంటే పూర్తిగా ఆరి ఉంటుంది.

ఈ రెండింటినీ, అంటే రంగుల ఎల్‌ఈడీనీ కంప్యూటర్ ఆజ్ఞనూ ముడివేసి వ్యాపారంగా మలిచినవాళ్లు జార్జ్ ముల్లర్, ఇహోర్ లిస్. ఇద్దరూ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లే. 1997లో బోస్టన్‌లో కలర్ కైనెటిక్స్ అనే కంపెనీ పెట్టారు. దీపంలోనే చిన్న ప్రాసెసర్ పెట్టి, తన పేరున వచ్చిన అంకెలను తానే చదువుకుని తన మూడు రంగుల పీడబ్ల్యూఎంను తానే నడుపుకునేలా చేశారు. 1997 ఆగస్టులో దరఖాస్తు చేసిన పేటెంటు 2000 జనవరిలో చేతికొచ్చింది. 2007లో ఫిలిప్స్ ఆ కంపెనీని కొనేసింది. వంతెనలు, హోటళ్లు, టవర్లు వాళ్ల దీపాలతో వెలిగాయి. అయితే అది పెద్ద భవనాల ఖర్చు. ఊరి తీర్థంలో ఆర్చి కట్టేవాడికి అందే సరుకు కాదు.

ఆ విద్యను అందుబాటులోకి తెచ్చినవి చైనా చిప్‌లు. ఆలోచన సులువైనదే. దీపానికి పేరూ చిరునామా ఎందుకు, వరసలో దాని స్థానమే దాని చిరునామా అనుకుంటే సరిపోతుంది. ప్రతి దీపం దగ్గరా ఒక బుల్లి చిప్ ఉంటుంది. మొదట వచ్చిన అంకెలు తను ఉంచుకుని మిగతావి పక్కదానికి పంపడమే దాని పని. ఎల్‌పీడీ6803 అనే చిప్ రంగుకు 5 బిట్లు తీసుకునేది, అంటే 32 మెట్లు మాత్రమే. నెమ్మదిగా మసకబారాల్సిన దీపం మెట్లు దిగుతున్నట్టు గతుకులు గతుకులుగా ఆరేది. ఎల్‌పీడీ8806కు 7 బిట్లు, 128 మెట్లు. డబ్ల్యూఎస్2801కు 8 బిట్లు, నాటక రంగం నాటి పాత 256 మెట్లు. వీటన్నిటికీ అంకెలు తెచ్చే తీగతోపాటు తాళం వేసే తీగ ఒకటి, క్లాక్ తీగ, విడిగా ఉండాలి.

చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం డోంగ్వాన్ నగరంలోని వరల్డ్‌సెమీ కంపెనీ ఆ క్లాక్ తీగను తీసేసింది. డబ్ల్యూఎస్2811 చిప్‌లో అంకె, తాళం రెండూ ఒకే తీగ మీద వస్తాయి. ప్రతి బిట్‌కూ 1.25 మైక్రోసెకన్ల గడువు. ఆ గడువులో వోల్టేజి కాసేపే పైకి లేచి దిగితే సున్నా, ఎక్కువసేపు నిలిస్తే ఒకటి. తర్వాత వచ్చిన డబ్ల్యూఎస్2812లో ఆ చిప్‌ను విడిగా పెట్టకుండా 5 మిల్లీమీటర్ల చదరపు ఎల్‌ఈడీ గుళిక లోపలే కూర్చోబెట్టారు. భూతద్దం పెట్టి చూస్తే మూడు రంగుల చుక్కల పక్కన నల్లటి నలుసులా కనిపించేది అదే. దీపానికి 24 బిట్లు, రంగుకు ఎనిమిదేసి, అదీ ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరసలో. అంటే ఒక్కో దీపానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. అంకెలన్నీ పంపేశాక కొద్దిసేపు తీగ మౌనంగా ఉంటే అన్ని దీపాలూ ఒక్కసారిగా కొత్త వెలుగులోకి మారతాయి. కొద్ది రూపాయల పనిముట్టులో ఇంత పని ఇమిడిందంటే, ఆ డిజైనర్ల పేర్లు జనానికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

వరల్డ్‌సెమీ చిప్ ఇచ్చింది గానీ దానితో మాట్లాడటం తేలిక కాదు. అప్పటికి విద్యార్థుల చేతుల్లో తిరుగుతున్న ఆర్డ్యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. ఒక బిట్‌కు దొరికే 1.25 మైక్రోసెకన్లలో అది వేయగలిగేది సరిగ్గా 20 అడుగులు. ఆ ఇరవైలోనే బిట్ చదవాలి, తీగను లేపాలి, దించాలి, తర్వాతి బిట్‌కు జరగాలి. ఒక్క అడుగు తప్పితే రంగులన్నీ కలగాపులగం. న్యూయార్క్‌లో లిమోర్ ఫ్రీడ్ నడిపే అడాఫ్రూట్ సంస్థ ఈ దీపాలకు నియోపిక్సెల్ అని పేరుపెట్టి అమ్మకానికి పెట్టినప్పుడు, వాటితోపాటు ఫిల్ బర్జెస్ రాసిన లైబ్రరీని, అంటే సిద్ధంగా వాడుకునే ప్రోగ్రాం ముక్కలను, ఉచితంగా ఇచ్చింది. అందులో ఆ ఇరవై అడుగుల లెక్కను యంత్ర భాషలో చేత్తో రాశారు. ప్రపంచంలో ఎందరో పిల్లలు మొదటి ఎల్‌ఈడీ పట్టీని వెలిగించింది దాంతోనే.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. డబ్ల్యూఎస్2812కు వెలుగు అనే విడి అంకె లేదు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అన్నవే దానికి తెలుసు. ఒక దీపాన్ని తగ్గించాలంటే మూడు అంకెలనూ ఒకే పాళ్లలో తగ్గించాలి. కాగితం మీద ఇది ఎంత చిన్న లెక్కో, బోర్డు మీద అంత పెద్ద చిక్కు.

పండిన నారింజ రంగు ఒకటి తీసుకుందాం. ఎరుపు 200, ఆకుపచ్చ 100, నీలం 10. దీన్ని పన్నెండో వంతుకు తగ్గిద్దాం. చిప్‌కు దశాంశాలు తెలియవు కాబట్టి ఎరుపు 16, ఆకుపచ్చ 8, నీలం 0 అవుతాయి. నీలం పూర్తిగా మాయమైంది, రంగు ఛాయ మారింది. ఇప్పుడు మళ్లీ పన్నెండు రెట్లు పెంచితే 192, 96, 0 వస్తాయి. పోయిన నీలం తిరిగి రాదు. ఇలా తగ్గిస్తూ పెంచుతూ నాలుగైదుసార్లు తిప్పితే నారింజ కాస్తా ఇంకేదో అవుతుంది. నియోపిక్సెల్ లైబ్రరీలోని సెట్‌బ్రైట్‌నెస్ ఆజ్ఞ సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. మెమరీలో ఉన్న అసలు అంకెలనే తగ్గించేసి దాచుకుంటుంది. దానికి కారణం ఉంది. ఆర్డ్యూనో యూనో రకం బోర్డులో ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. దీపానికి మూడు బైట్ల చొప్పున పొడవాటి వరసకు ఒక్క ప్రతి దాచుకోవడానికే అందులో చాలా భాగం పోతుంది, ఇంక అసలు ఒకటి, తగ్గించినది ఒకటి అని రెండు ప్రతులు ఎక్కడ పెడతారు? ఈ ఆజ్ఞను మొదట్లో ఒకసారి వాడుకోండి, కదిలే బొమ్మల కోసం వాడకండి అని ఆ లైబ్రరీ రాసినవాళ్లే స్పష్టంగా చెప్పారు. పట్టించుకోకుండా వాడి, రంగులు ఎందుకు చెడుతున్నాయో తెలియక తల పట్టుకున్నవాళ్లు ఎందరో.

ఈ చిక్కును విప్పినవాళ్లు డేనియల్ గార్సియా, మార్క్ క్రీగ్స్‌మన్. వాళ్ల ఫాస్ట్‌ఎల్‌ఈడీ లైబ్రరీ అసలు అంకెలను ముట్టుకోదు. తీగ మీదికి పంపే ఆ కొద్ది క్షణాల్లోనే, ఇరవై అడుగుల మధ్య దొరికిన ఖాళీలోనే గుణకారం చేసి తగ్గించి పంపుతుంది. రెండో ప్రతి అక్కర్లేదు, రంగు చెడదు. ఒక్కో దీపానికి విడిగా తగ్గించే ఆజ్ఞలు కూడా ఇచ్చారు. ఫలానా నంబరు దీపాన్ని ఇంత భాగానికి తగ్గించు అని రాస్తే చాలు. వాటిలో ఒక రకం ఆజ్ఞకు ఒక నియమం పెట్టారు. వెలుగుతున్న రంగు ఎంత తగ్గినా, పూర్తిగా ఆర్పమని చెప్తే తప్ప సున్నాకు పడకూడదు. పైన నారింజలో మాయమైన నీలం ఈ నియమం కింద 1 దగ్గర ఆగుతుంది.

ఇంకో ఎత్తు కూడా వేశారు. దీపానికి 8, 9 అన్న అంకెలే తెలిసినప్పుడు ఎనిమిదిన్నర ఎలా చూపించాలి? ఒకసారి 8, వెంటనే 9, మళ్లీ 8 అని వేగంగా మార్చి మార్చి పంపితే కన్ను ఎనిమిదిన్నరనే చూస్తుంది. 256 మెట్ల చిప్ మీద మెట్ల మధ్య మెట్లు కట్టారు. దీపాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ సగటును చూపించే చిప్ విద్యనే, చిప్ బయటినుంచి ఇంకోసారి వాడుకున్నారు. క్రీగ్స్‌మన్ రాసిన ఫైర్2012 అనే చిన్న ప్రోగ్రాం నిప్పు ఎగసే తీరును ఒకే వరస దీపాల మీద చూపిస్తుంది. పాదం దగ్గర తెల్లగా మండి, పైకి పోయేకొద్దీ పసుపు, ఎరుపుగా చల్లబడి, కొసన మసకలో కలిసిపోతుంది. ఒక్కో దీపం వెలుగును విడిగా పట్టుకోవడం ఎందుకు ముఖ్యమో అది చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

డేనియల్ గార్సియా ఇప్పుడు లేడు. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తెల్లవారుజామున కాలిపోయి 34 మంది చనిపోయారు. వారిలో అతనొకడు. జీతం లేకుండా ఏళ్ల తరబడి రాసి అందరికీ పంచిన అతని పని ఈరోజు ఏ దేశపు పండగ దీపాల్లో ఎక్కడెక్కడ నడుస్తోందో లెక్కపెట్టే వీలు లేదు. తర్వాత ఆ లైబ్రరీని మరికొందరు చేపట్టి నడిపిస్తున్నారు.

ఇంతవరకు చెప్పినదంతా యంత్రం వైపు లెక్క. కన్ను వైపు లెక్క వేరు. 1860లోనే జర్మనీలో గుస్టవ్ ఫెక్నర్ చెప్పినట్టు, ఇంద్రియానికి తోచే మార్పు, బయట జరిగిన మార్పు అంత సూటిగా ఉండదు. చీకట్లో ఒక దీపం పక్కన రెండోది వెలిగిస్తే పెద్ద తేడా కనిపిస్తుంది. వంద దీపాల పక్కన ఇంకొకటి వెలిగిస్తే ఎవరూ గమనించరు. అందువల్ల దీపానికి 128 అని పంపితే, అంటే యంత్రం లెక్కలో సగం ఇస్తే, కంటికి ముప్పావు దాకా వెలుగుతున్నట్టు ఉంటుంది. సగంగా కనిపించాలంటే దాదాపు 56 పంపాలి. ఈ సవరణను గామా అంటారు. టీవీ కాలం నాటి మాట అది.

అడాఫ్రూట్ వాళ్లు ఎల్‌ఈడీల కోసం 2.8 గామాతో ఒక పట్టిక ఇచ్చారు. అందులో 128 బదులు 37 పంపుతారు. చూడ్డానికి చాలా బాగుంటుంది, వెలుగు మొదటి నుంచి చివరి దాకా సమంగా పెరుగుతున్నట్టు ఉంటుంది. కానీ ఆ పట్టిక మొదటి వరస చూడండి. 0 నుంచి 27 దాకా, మొత్తం 28 అంకెలకు జవాబు సున్నాయే. 28వ మెట్టు దగ్గరగానీ దీపం వెలగదు. వెలిగినప్పుడు ఒక్కసారిగా 1కి ఎగురుతుంది, ఆ 1 చీకటి రాత్రిలో తక్కువేమీ కాదు. కంటికి ఎక్కువ మెట్లు కావలసింది అడుగునే, 8 బిట్ల చిప్ దగ్గర మెట్లు కరువయ్యేదీ అడుగునే. నెమలి కన్ను ఆరేటప్పుడు చివర్లో టక్కున ఆగిపోయినట్టు కనిపిస్తుందే, ఆ లోపం లైటింగ్ కట్టినవాడిది కాదు.

తైవాన్‌కు చెందిన ఏపీఏ ఎలక్ట్రానిక్ సంస్థ దీనికి వేరే దారి వెతికింది. ఏపీఏ102 చిప్‌లో క్లాక్ తీగను మళ్లీ తెచ్చారు. దీపానికి 32 బిట్లు. ముందు మూడు ఒకట్లు, తర్వాత 5 బిట్ల వెలుగు అంకె, ఆపైన నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ఇక్కడ అందుబాటు ధర దీపానికి తన రంగుతో సంబంధం లేని సొంత వెలుగు అంకె దొరికింది, 0 నుంచి 31 దాకా. రంగు 200, 100, 10గానే ఉంచి వెలుగును మాత్రం 31 నుంచి 1కి దించవచ్చు. పాళ్లు చెడవు, నీలం మాయం కాదు. రంగు మెట్లూ వెలుగు మెట్లూ కలిపి వాడుకుంటే అడుగున దొరికే చిన్న చిన్న మెట్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి. అడాఫ్రూట్ దీన్ని డాట్‌స్టార్ పేరుతో అమ్మింది.

అందులోనూ ఒక మెలిక బయటపడింది. ఔత్సాహికులు ఆసిల్లోస్కోప్ పెట్టి చూస్తే, రంగుల పీడబ్ల్యూఎం సెకనుకు 19 వేలసార్లకు పైగా కొట్టుకుంటుంటే, ఆ 5 బిట్ల వెలుగు మాత్రం సెకనుకు 600 సార్లు కూడా కొట్టుకోవడం లేదు. నిలబడి చూసేవాళ్లకు తేడా తెలియదు. కెమెరాలో చారలు పడవచ్చు, దీపాన్ని గాలిలో వేగంగా తిప్పితే వెలుగు గీతలా కాకుండా చుక్కలుగా తెగుతుంది. అందుకే కొన్ని లైబ్రరీలు ఆ వెలుగు అంకెను ఎప్పుడూ నిండుగా 31 దగ్గరే ఉంచి, తగ్గింపును రంగుల్లోనే చేస్తాయి. తర్వాత వచ్చిన ఎస్‌కే9822 చిప్ ఏపీఏ102కు నకలే అయినా ఈ ఒక్క విషయంలో తెలివైనది. ఆ 5 బిట్లతో కాలాన్ని కోయకుండా కరెంటునే తగ్గిస్తుంది. మినుకు లేదు.

మన తీర్థాల దగ్గర కనిపించే బోర్డుల్లో ఎక్కువగా ఉండేవి డబ్ల్యూఎస్2811 తరహా చిప్‌లే. బోర్డు ముందు నుంచి లక్ష్మీదేవి, వెనక నుంచి తీగల అడవి. ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. షీటుకు 12 మిల్లీమీటర్ల బెజ్జాలు, ఒక్కోదాంట్లో బిగించిన రబ్బరు మెడ బల్బు, బల్బుకూ బల్బుకూ మధ్య మూడు తీగల వంతెన. యాభై బల్బులు ఒక సెట్. సెట్ల కొసలు కలిపిన చోట ఇన్సులేషన్ టేపు. కింద మూలన బుసబుసమంటూ ఫ్యాను తిరిగే ఎస్‌ఎంపీఎస్, అంటే బోర్డుకు కరెంటు అందించే పెట్టె, దాని పక్కన మెమరీ కార్డు గుచ్చిన అరచేతి పెట్టె. ఆ పెట్టెకు బొమ్మ మార్చే బటన్, వేగం పెంచే తగ్గించే బటన్లు ఉంటాయి. వెలుగు బటన్ సాధారణంగా ఉండదు. ఏ బల్బు ఎప్పుడు ఎంత వెలగాలో ముందే కంప్యూటర్‌లో గీసి, ఫ్రేము వెంట ఫ్రేముగా కార్డులోకి ఎక్కించాలి. పింఛం కన్ను మసకబారే తీరు, ఎక్కడో ఒక గదిలో కూర్చుని మౌసు పట్టుకున్న కుర్రాడి చేతి పనితనం. బోర్డు అందంగా ఉందని దేవుణ్ణి మెచ్చుకునేటప్పుడు అతన్ని కూడా మెచ్చుకోవాలి.

బోర్డు కట్టేవాళ్లకు ఇంకో తంటా ఉంది. కార్డులో అంకెలన్నీ సరిగ్గా ఉన్నా, పొడవాటి వరస చివర బల్బులు వేరేగా వెలుగుతాయి. మొదటి సెట్టులో పాలలా ఉన్న తెలుపు, నాలుగో సెట్టుకు వచ్చేసరికి పసుపు తిరిగి, ఆఖరున ఎర్రబడుతుంది. డెల్టా కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. ఎగువన తూము దగ్గర మడి నిండుతుంది, శివారు చేనుకు తడి చాలదు. తీగలోనూ అంతే, ప్రతి బల్బూ కొంత తీసుకుంటూ, తీగ కూడా కొంత మింగుతూ పోతే 5 వోల్టులుగా బయల్దేరింది చివరికి మూడున్నరకో అంతకన్నా తక్కువకో దిగుతుంది. ఎర్ర ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు, నీలానికీ ఆకుపచ్చకూ 3 దాకా కావాలి. ముందు అవి అలిసిపోతాయి, ఎరుపు ఒక్కటే మిగులుతుంది. అందుకే అనుభవమున్నవాడు ప్రతి రెండు మూడు సెట్లకు ఒకసారి ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా మందపాటి తీగ తెచ్చి మధ్యలో కలుపుతాడు.

కరెంటు లెక్క చూస్తే వెలుగు తగ్గించడానికి ఇంకో కారణం కనిపిస్తుంది. నిండు తెలుపులో ఒక్కో బల్బు 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. రెండు వేల బల్బుల బోర్డు మొత్తం ఒకేసారి తెల్లబడితే 120 ఆంపియర్లు, 600 వాట్లు. ఒక్క ఫ్రేములో అలా జరిగినా ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేసి బోర్డంతా ఒక్కసారి వెలిగి చస్తుంది. ఫాస్ట్‌ఎల్‌ఈడీలో దీనికో కట్టడి పెట్టారు. ఇన్ని ఆంపియర్లకు మించవద్దని ముందే చెప్తే, ప్రతి ఫ్రేమునూ పంపేముందు లెక్కవేసి, హద్దు దాటేలా ఉంటే మొత్తం వెలుగును అంతమేరకు దించుతుంది. ఈఎస్పీ32 లాంటి వైఫై చిప్‌ల మీద నడిచే డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ ఏర్పాటుంది. అందులో ఫోను తెర మీద వేలు జరిపి బోర్డులో ఒక్క భాగాన్ని మాత్రమే తగ్గించవచ్చు. జనరేటర్ మీద నడిచే పందిరికి ఇది చిన్న వరం కాదు.

అడుగు మెట్ల కరువు తీర్చే చిప్‌లు కూడా వచ్చాయి. వరల్డ్‌సెమీ వారి డబ్ల్యూఎస్2816 రంగుకు 16 బిట్లు తీసుకుంటుంది. 256 మెట్ల చోట 65,536. 8 బిట్లలో సున్నా తర్వాత వచ్చే ఒక్క మెట్టు జాగాలో ఇందులో 256 మెట్లు పడతాయి. 2.8 గామా పెట్టినా మొదటి 28 అంకెలన్నీ చీకటిలో పోవు, ఆరిపోయే దీపం టక్కున ఆగదు. దీపానికి బిట్లు మాత్రం రెట్టింపై 48 అవుతాయి, 60 మైక్రోసెకన్లు పడుతుంది. వెయ్యి దీపాల వరసకు అంకెలు పంపేసరికి 60 మిల్లీసెకన్లు గడిచిపోతాయి, సెకనుకు పదహారు ఫ్రేములకు మించి రావు. కదలిక కుంటుతుంది. కాబట్టి బోర్డును నాలుగు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు విడి డేటా తీగ వేసి, నాలుగింటికీ ఒకేసారి అంకెలు పంపాలి. ఈఎస్పీ32 ఆ పని చేయగలదు. మెమరీ కార్డు పెట్టె మానేసి దాన్ని వాడటం నేర్చుకుంటే, ఈ కొత్త దీపాలు మన బోర్డుల మీదికి రావడానికి ఇంకేమీ అడ్డు లేదు.